మబ్బుల్లో మీటరు

మా ఇంటికి టెలిఫోను వచ్చింది 1993లో. వచ్చిన మూడో నెలలోనే దానికి తాళం పడింది.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో ఫోనుకు తాళం వెయ్యడం చాలా ఇళ్ళలో ఉన్నదే. డయలు మీద వేలు పెట్టి తిప్పే కన్నంలో చిట్టి తాళం బిగిస్తే ఇక అది తిరగదు. ఎవరైనా చేస్తే ఎత్తి మాట్లాడొచ్చు, మనం మాత్రం చెయ్యలేం. తాళంచెవి మా అమ్మ కొంగున ఉండేది. బొంబాయిలో పిన్నితో అమ్మా, స్నేహితురాళ్ళతో నేనూ, "ఒక్క నిమిషం వదినగారూ" అంటూ వచ్చే పక్కవాటా వాళ్ళూ... అందరం కలిసి మాట్లాడిన మాటలకు 2,100 రూపాయల బిల్లు వచ్చింది. నాన్నగారి నెల జీతంలో అది దాదాపు సగం. ఆయన పల్లెత్తు మాట అనలేదు. బిల్లు మడిచి జేబులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే అమ్మ బజారుకు వెళ్ళి తాళం కొనుక్కొచ్చింది.

అమ్మ మీద నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. మా తమ్ముడైతే అమ్మకు "జైలరు" అని పేరు పెట్టాడు. అక్కడితో ఆగాడా! డయలు తిప్పకుండానే, రిసీవరు పెట్టే మీటను లెక్క ప్రకారం టకటకా కొడితే నంబరు కలుస్తుందని కనిపెట్టాడు. హద్దు పెట్టిన చోటల్లా దాన్ని దాటే తెలివి కూడా పుడుతుందని అప్పుడే తెలిసింది నాకు.

ఆ తాళం సంగతి పూర్తిగా మర్చిపోయాను. పోయిన సంవత్సరం మా అమ్మాయి పుణ్యమా అని మళ్ళీ గుర్తొచ్చింది.

మా అమ్మాయి ఇంజనీరింగు మూడో ఏడు చదువుతోంది. మిరపాకు ఫొటో చూపిస్తే తెగులేదో చెప్పే ప్రోగ్రాము తయారు చేస్తానంది. దానికి మన ఇంట్లో కంప్యూటరు చాలదట, క్లౌడ్‌లో పెద్దది అద్దెకు తీసుకోవాలట. "ఏడాదిపాటు ఉచితమేనమ్మా, ఊరికే కార్డు నంబరు అడుగుతారంతే" అంది. ఇచ్చాను. కాలేజీలో ఇరవై నిమిషాలు ప్రోగ్రాము చూపించింది, మార్కులు వేయించుకుంది, పరీక్షల హడావుడిలో పడిపోయింది. అద్దెకు తీసుకున్న యంత్రాన్ని ఆపడం మర్చిపోయింది. ఉచితమన్నది చిన్న యంత్రాలకేననీ, తను తీసుకున్నది ఆ జాబితాలో లేదనీ దానికి తెలియదు.

గంటకు 65 రూపాయలు. వినడానికి పెద్ద మాటేం కాదు, మంచి హోటల్లో కాఫీ, టిఫిను ఖర్చు. కానీ యంత్రం నిద్రపోదు కదా! రోజుకు 1,560. ముప్ఫై రోజులకు 46,800.

ఆ బిల్లు చూసుకుని నాలుగు రోజులు మాకెవరికీ చెప్పలేదు పిల్ల. అన్నం కలిపి వదిలేసేది. అడిగితే తలనొప్పి అనేది. అయిదో రోజు రాత్రి మా అమ్మ పక్కన పడుకుని, చీకట్లో, అమ్మమ్మకు చెప్పిందట. పొద్దున్నే అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "దాన్ని తిట్టకు. భయపడి చచ్చిపోతోంది" అంది. ఆ మాట విన్నాక డబ్బు సంగతి నాకు రెండోదైపోయింది. పెద్ద పెద్ద అంకెలు చూసి, ఎవరికీ చెప్పుకోలేక, ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పిల్లలు ఇలా గోడవైపు తిరిగి పడుకుంటున్నారో అనిపించింది.

అదృష్టం ఏమిటంటే డబ్బు వెంటనే పోలేదు. ప్రతినెలా దానంతటదే కోసుకునే చెల్లింపు 15,000 రూపాయలు దాటితే, మన అనుమతి మళ్ళీ అడగాలని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. అందుకని కార్డులోంచి పోలేదు, బాకీగా నిలబడింది. మా అమ్మాయి ఉత్తరం మీద ఉత్తరం రాస్తే కంపెనీవాళ్ళు మొదటి తప్పుగా చాలావరకు మాఫీ చేశారు. మిగిలింది కట్టాం. అమ్మ కంటి ఆపరేషనుకని దాచినదాంట్లోంచి కట్టాం. ఆపరేషను రెండు నెలలు వెనక్కి పోయింది.

నేను ఆర్ట్సు చదివినదాన్ని. కంప్యూటరు నాకు కాగితం, కలం లాంటిదే, లోపల ఏముందో తెలియదు. కానీ మా ఇంటి కంటి ఆపరేషనును వెనక్కి నెట్టిన వస్తువు ఎక్కడ పుట్టిందో తెలుసుకోకుండా ఎలా ఊరుకోను? చదవడం మొదలుపెట్టాను. చూడబోతే ఇది కొత్త కథే కాదు. మీటరు ఎంత పాతదో ఇదీ అంత పాతది.

1882లో ఎడిసన్ న్యూయార్కులో పెర్ల్ వీధిలో కరెంటు కేంద్రం పెట్టి ఇళ్ళకూ ఆఫీసులకూ దీపాలిచ్చాడు. ఎవరెంత వాడారో తెలియాలి కదా! ఆయన మీటరు ఒక సీసా. అందులో జింకు ద్రావణం, దాంట్లో జింకు పలకలు. కరెంటు పారినకొద్దీ ఒక పలక మీంచి జింకు కరిగి రెండోదాని మీద చేరుతుంది. నెలకోసారి కంపెనీ మనిషి వచ్చి పలకలు తీసుకెళ్ళి, తూచి, బిల్లు వేసేవాడు. ఇంటావిడకు తను ఎంత వాడిందో చూసుకునే దారే లేదు. తూకం వాళ్ళది, లెక్క వాళ్ళది, కట్టడం ఈవిడది!

ఇంగ్లండులో గ్యాసు దీపాలకు అదే ఇబ్బంది. మూడు నెలలకోసారి వచ్చే బిల్లు కూలి చేసుకునే ఇళ్ళవాళ్ళు ఒక్కసారిగా కట్టలేరు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో దానికొక ఉపాయం దొరికింది. మీటరుకొక కన్నం పెట్టారు. అందులో ఒక పెన్నీ వేస్తే, పెన్నీకి తగినంత గ్యాసు వస్తుంది. అయిపోగానే ఆగిపోతుంది. కూర సగం ఉడికి ఆగిపోయిన రోజులూ ఉండే ఉంటాయి. కానీ నెల తిరిగేసరికి గుండె ఆగిపోయే బిల్లు మాత్రం ఉండదు. దాని ధర్మమా అని లక్షలమంది బీదవాళ్ళ ఇళ్ళలోకి గ్యాసు పొయ్యి వచ్చింది. కంపెనీలకు నష్టం రాలేదు సరికదా, వ్యాపారం పెరిగింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

మన దేశంలో ట్రంకు కాలు రోజుల్లో హద్దు ఒక మనిషి గొంతులో ఉండేది. మాట్లాడుతుండగా ఎక్స్ఛేంజి అమ్మాయి మధ్యలో వచ్చి "మూడు నిమిషాలైంది" అనేది. ఎంత విసుక్కున్నా ఆ గొంతు మన డబ్బు కాపాడేది. 1960లో కాన్పూరు, లక్నో మధ్య నేరుగా డయలు చేసే ఎస్.టి.డి. మొదలైంది. మధ్యలో అమ్మాయి పోయింది, ఆమెతోపాటు హెచ్చరికా పోయింది. మా ఇంటి 2,100 బిల్లు అలా పుట్టింది. ఎస్.టి.డి. బూతుల్లో మాత్రం ఎర్రంకెల పెట్టె ఉండేది. అంకె పెరుగుతుంటే చేతిలో చిల్లర చూసుకుంటూ మాటలు తగ్గించుకునేవాళ్ళం. ఎవరూ ఆపక్కర్లేదు, అంకె కళ్ళముందు ఉంటే చాలు.

ఇక కంప్యూటరు దగ్గరికొద్దాం. 1960ల మొదట్లో కంప్యూటరంటే ఒక గదినిండా ఉండే యంత్రం, కోట్లలో ఖరీదు. ఒక్కరు వాడుతుంటే మిగిలినవాళ్ళు బయట నిలబడాల్సిందే. 1961లో అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో, ఆయన సహచరులు ఒకే యంత్రాన్ని ఒకేసారి చాలామంది పంచుకునే ఏర్పాటు చేసి చూపించారు. అదే సంవత్సరం అక్కడే జాన్ మెకార్థీ అనే శాస్త్రవేత్త ఒక ఉపన్యాసంలో, టెలిఫోనులాగే కంప్యూటరు శక్తిని కూడా ఏదో ఒకనాడు ప్రజలకు సరఫరా చెయ్యొచ్చని, వాడుకున్నంతకే డబ్బు కడతారని ఊహించాడు. ఈనాటి క్లౌడ్‌కు అదే జాతకం.

తమాషా ఏమిటంటే ఆ మొదటి రోజుల్లో హద్దు ఉండేది! యంత్రం ఒకటే, పంచుకునేవాళ్ళు చాలామంది కాబట్టి మనిషికింత సమయమని కేటాయించేవారు. ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటలు ఇచ్చారు. ఆయన పనికి అది చాలలేదు. 1962లో ఒక శుక్రవారం రాత్రి, అందరి రహస్య సంకేతాలున్న జాబితాను అచ్చువేసి పెట్టమని యంత్రానికే కార్డు రాసి పెట్టి, మర్నాడు పొద్దున్న వెళ్ళి తెచ్చుకున్నాడు. ఆ తరువాత ఇతరుల వాటాలో సమయం వాడుకున్నాడు. చాలా ఏళ్ళ తరువాత ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. చదవగానే నాకు మా తమ్ముడు, వాడి టకటకలూ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇంకో కథ ఉంది. 1986లో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తను కంప్యూటర్ల పనిలో పెట్టారు. అక్కడ ఎవరెంత యంత్ర సమయం వాడితే అంత డబ్బు వాళ్ళ లెక్కలో రాసేవారు. ఒక నెల లెక్కలో 75 సెంట్లు తేడా వచ్చింది. తొమ్మిది సెకన్ల వాడకం, కట్టిన మనిషి లేడు! ఇంకెవరైనా అయితే చిల్లర తేడా అని వదిలేసేవారు. ఈయన వదల్లేదు. పట్టుకుని నెలల తరబడి వెతికితే, జర్మనీలో హానోవర్ నుంచి ఒక దొంగ అమెరికా సైనిక కంప్యూటర్లలోకి దూరుతున్నాడనీ, దొంగిలించింది సోవియట్ గూఢచారి సంస్థకు అమ్ముతున్నాడనీ తేలింది. 1990లో వాళ్ళకు శిక్ష పడింది. పాలవాడి లెక్కలో అర్ధరూపాయి తేడా వస్తే క్యాలెండరు ముందు నిలబడి అరగంట ఆలోచించే ఆడవాళ్ళను ఎగతాళి చేసేవారికి ఈ కథ చెప్పండి.

ఆ తరువాత యంత్రాలు చవకయ్యాయి, ఎవరిది వాళ్ళకే వచ్చింది. పంచుకోవడం, కేటాయించడం అందరూ మర్చిపోయారు. 2006లో అమెజాన్ సంస్థ మెకార్థీ చెప్పిన పని చేసి చూపించింది. ఆ మార్చిలో సామాను దాచుకునే గోదాము లాంటి సేవ, ఒక గిగాబైటుకు నెలకు 15 సెంట్లు. ఆగస్టులో అద్దె కంప్యూటరు, గంటకు 10 సెంట్లు. కార్డు ఒకటుంటే చాలు, ఎవరినీ అడగక్కర్లేదు. మరుసటి ఏడాదే న్యూయార్క్ టైమ్స్ పత్రిక తన పాత సంచికల్లోని దాదాపు కోటి పది లక్షల వ్యాసాలను అచ్చు ప్రతుల్లా మార్చడానికి ఒక్క రోజుకు వంద యంత్రాలు అద్దెకు తీసుకుంది. ఖర్చు 240 డాలర్లు. అంత పనికి సొంతంగా యంత్రాలు కొనాలంటే ఏ పత్రిక కొంటుంది? కనుక ఈ మీటరు చెడ్డదని నేననను. పేదవాడి చేతికి పెద్ద పనిముట్టు ఇచ్చింది. మా అమ్మాయి మిరపాకుల ప్రోగ్రాము దానివల్లే అయింది.

ఎటొచ్చీ, యంత్రం ఒకటే ఉన్నప్పుడు హద్దు దానంతటదే ఉండేది. యంత్రాలు తరగనన్ని వచ్చేసరికి హద్దు మాయమైంది. కొలత మాత్రం రోజురోజుకూ సన్నబడింది. మొదట గంటల లెక్క. తరువాత సెకన్ల లెక్క. 2014లో వచ్చిన ఒక రకం సేవకు 2020 నుంచి సెకనులో వెయ్యో వంతు లెక్క. యంత్రాన్ని ఆపినా దానికి తగిలించిన నిల్వకు అద్దె నడుస్తూనే ఉంటుంది. తీసుకున్న చిరునామాకు వేరే అద్దె. సామాను లోపలికి తేవడం ఉచితం, బయటికి తీసుకెళ్తే సుంకం. పద్దు పుస్తకంలో ఇన్ని వరసలుంటే మనబోటివాళ్ళకు ఎలా అర్థమవుతుంది?

అర్థమయ్యేవాళ్ళే పడిపోతున్నారు. 2020లో ఒక చిన్న సంస్థవాళ్ళు గూగుల్ క్లౌడ్‌లో ఒక ప్రోగ్రాము పరీక్షించారు. ఖర్చు 7 డాలర్లు దాటకూడదని బడ్జెటు కూడా రాసుకున్నారు. ఆ ప్రోగ్రాములో చిన్న పొరపాటు. తనను తానే మళ్ళీ మళ్ళీ పిలుచుకుంటూ పోయింది. కొన్ని గంటల్లో బిల్లు 72,000 డాలర్లు! బడ్జెటు అన్నది హెచ్చరిక మాత్రమేననీ, గొలుసు కాదనీ వాళ్ళకు తరువాత తెలిసింది. గూగుల్ మాఫీ చేసింది గనుక సంస్థ నిలబడింది.

2024 కథ ఇంకా విడ్డూరం. ఒక ఇంజనీరు అమెజాన్ గోదాములో ఒక గది తీసుకున్నాడు. తాళం వేసిన గది, దాదాపు ఖాళీ. రెండు రోజుల తరువాత చూస్తే 1,300 డాలర్ల పైన బిల్లు. ఏమైందంటే, ఎందరో వాడే ఒక ప్రోగ్రాములో ఉదాహరణకని రాసి పెట్టిన పేరూ, ఈయన గది పేరూ ఒకటే అయ్యాయి. ఆ పేరు మార్చుకోని వాళ్ళందరి యంత్రాలూ సామాను పట్టుకుని ఈయన తలుపు కొట్టాయి. ఒక్క రోజులో పది కోట్లకు దగ్గరగా కొట్టాయి. తలుపు తియ్యలేదు, ఎవరూ లోపలికి రాలేదు. కానీ కొట్టినవాటికల్లా ఇంటాయన ఖాతాలో డబ్బు పడింది! ఆయన ఊరుకోకుండా నలుగురికీ తెలిసేలా రాశాడు. అమెజాన్ ఆ బిల్లు రద్దు చేసింది. రెండు వారాలు తిరిగేసరికి, అనుమతి లేనివాళ్ళు తలుపు కొడితే ఇక డబ్బు వెయ్యమని ప్రకటించింది. నోరు తెరిచి అడిగితేనే నియమం మారుతుందన్నమాట.

మరి ఇంత తెలిసినవాళ్ళు ఒక హద్దు పెట్టి, అది దాటగానే ఆపెయ్యొచ్చు కదా అని మా అమ్మాయిని అడిగాను. కంపెనీల వైపు నుంచి కూడా ఒక న్యాయం ఉంది. ఆసుపత్రి లెక్కలూ రైలు టిక్కెట్లూ ఆ యంత్రాల మీద నడుస్తుంటే, డబ్బు హద్దు దాటిందని అర్ధరాత్రి ఆపేస్తే ఎంత ప్రమాదం! దాచిన సామాను కూడా ఖర్చే కనుక, ఖర్చు నిజంగా ఆపాలంటే సామాను పారెయ్యాలి. పైగా ఎక్కడెక్కడి లెక్కలో కలిసి బిల్లులోకి ఎక్కడానికి కొన్ని గంటలు పడుతుంది, హద్దు దాటిన సంగతి దాటిన తరువాతే తెలుస్తుంది.

బాగానే ఉంది. కానీ ఆసుపత్రికీ, ఇరవై నిమిషాలు ప్రోగ్రాము చూపించి వెళ్ళిపోయే పిల్లకూ ఒకటే మీటరు ఎందుకు? ఇంగ్లండులో పెద్ద భవంతికి మామూలు మీటరు, కూలివాడి ఇంటికి పెన్నీ మీటరు పెట్టినప్పుడు గ్యాసు కంపెనీ మునిగిపోలేదే! ఆ జ్ఞానం ఇప్పుడిప్పుడే వస్తోంది. మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్‌లో విద్యార్థులకూ, ఉచిత ఖాతాలకూ ఇచ్చిన మొత్తం అయిపోతే ఆగిపోయే హద్దు ఉంది. డబ్బు కట్టి వాడే మామూలు ఖాతాకు మాత్రం లేదు. అమెజాన్ 2025 జూలైలో కొత్తవాళ్ళకు ఒక ఉచిత ఏర్పాటు తెచ్చింది. ఇచ్చిన మొత్తం అయిపోయినా, ఆరు నెలలు నిండినా ఖాతా ఆగుతుంది, బిల్లు రాదు. పెన్నీ మీటరు వచ్చిన నూట ముప్ఫై ఏళ్ళకు మబ్బుల్లోకి కూడా వచ్చిందన్నమాట.

మబ్బులంటున్నాను గానీ అవి ఆకాశంలో లేవు. అమెజాన్ వారి మబ్బు ఒకటి 2022 నవంబరు నుంచి మన హైదరాబాదు ప్రాంతంలోనే పనిచేస్తోంది. గోడలూ తలుపులూ ఉన్న కట్టడాలు, లోపల కరెంటు తాగుతూ చల్లగాలి పీల్చే యంత్రాలు. ఎక్కడో వెలుగుతున్న దీపం మనకు కనపడదు, అంతే తేడా. మనింట్లో దీపమైతే గదిలోంచి వస్తూ ఆర్పేస్తాం.

ఇప్పుడు మా అమ్మాయి పద్ధతి మారింది. ఏ యంత్రం తీసుకున్నా ముందు 200 రూపాయలకొక హెచ్చరిక, 500కు ఇంకోటి పెట్టుకుంటుంది. హెచ్చరికను నమ్ముకోకుండా, రెండు గంటలు కాగానే యంత్రం దానంతటదే ఆగిపోయేలా ముందే రాసుకుంటుంది. పని కాగానే నిల్వలూ చిరునామాలూ కూడా వదిలేసి, మర్నాడు పొద్దున్న లెక్క చూసుకుంటుంది. నా కార్డు వివరాలు తీసేసి, కొద్ది మొత్తమే ఉండే వేరే ఖాతా కార్డు పెట్టుకుంది. మీ పిల్లలు చదువులకోసం ఎక్కడ కార్డు ఇచ్చారో ఈ రాత్రి భోజనాల దగ్గర ఒకసారి అడగండి. కోపంగా కాదు, ఊరికే అడగండి. ఏదైనా జరిగి ఉంటే చెప్పుకోవడానికి వాళ్ళకొక మనిషి కావాలి.

అమ్మ కంటి ఆపరేషను సంక్రాంతి వెళ్ళాక అయింది. కట్టు విప్పిన వారానికి మంచం మీద కూర్చుని, మనవరాలు కంప్యూటరులో చేసే ఏర్పాట్లన్నీ కొత్త కంటితో చూస్తూ, "ఇంతకీ దీని తాళంచెవి ఎవరి దగ్గరుంటుందే?" అని అడిగింది.

"నా దగ్గరే అమ్మమ్మా" అంది మా అమ్మాయి.

"అయితే సరే" అంది అమ్మ. నేను మాత్రం ముప్ఫై ఏళ్ళ కిందటి ఆ కొంగు ముడి తలుచుకుని, జైలరు అన్నందుకు ఇప్పుడైనా క్షమాపణ చెప్పాలా అని ఆలోచిస్తూ, ఆవిడ కంట్లో చుక్కల మందు వేశాను.